ఉప్పునేలపై ఊరచెఱువు

నీటికి కొదవలేని సీమయని పేరుపడిన కృష్ణాడెల్టాలో, మొవ్వనుండి ఘంటసాల మీదుగా అవనిగడ్డ వఱకును, ఇటు బందరు వఱకును, అడుగడుగునకు కాలువలును బోదెలును అల్లుకొనియున్న ఆ పల్లపునేలలో, త్రాగుటకు మంచినీరు ఎక్కడిదని పూర్వము ఏ గ్రామస్థునైనను అడిగియుండినచో, అతడు కృష్ణవైపు వ్రేలు చూపియుండెడివాడు కాడు. ఊరికొక ప్రక్కగా నాలుగు గట్లనడుమ నిలిచియున్న చెఱువును చూపియుండెడివాడు. ఎకరమునకో రెండెకరములకో మించని ఆ నీటిగుంటను భూగోళశాస్త్రజ్ఞులు పెద్దగా పట్టించుకొనలేదు. చరిత్రకారులకు అది కంటబడనే లేదు. మొవ్వ పేరు చెప్పగానే వేణుగోపాలస్వామియు, ఆయనపై పదములల్లిన క్షేత్రయ్యయు తలపునకు వత్తురు. ప్రక్కనున్న కూచిపూడి పేరు వినగానే సిద్ధేంద్రయోగియు భామాకలాపమును స్ఫురించును. ఆ పదములు పాడినవారును, ఆ కలాపము లాడినవారును ఏ నీరు త్రాగి బ్రదికిరో అడిగినవారు మాత్రము అరుదు. ఆ నీటి కథయే ఈ అధ్యాయమునకు విషయము.

తెలంగాణములోను రాయలసీమలోను చెఱువనగా వాగున కడ్డముగా వేసిన కట్ట. రెండు గుట్టలనడుమ నేల వాలు చూచి ఒక్కవైపు కట్ట పోసినచో, మిగిలిన మూడువైపుల పనియు ప్రకృతియే చేసిపెట్టును. కాకతీయుల పాకాల, రామప్ప చెఱువు లీ విధముగా వెలసినవే. డెల్టాలో గుట్ట లేదు, వాలును లేదు. ఇక్కడి చెఱువు కట్టినది కాదు, త్రవ్వినది. త్రవ్వగా వచ్చిన మన్నులో కొంత గట్టునకు పోయెను. తక్కినది వఱదనీ రందకుండునట్లు ఇండ్ల అడుగున మెరకకు పోయెను. కావున ఈ సీమలో ఊరు ఎంత ఎత్తున నున్నదో తెలిసికొనవలెనన్నచో చెఱువు ఎంత లోతున నున్నదో చూచిన చాలును. పొలములోని నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి తన సందులను తానే మూసికొనును గనుక, చెఱువు అడుగునకు గచ్చు వేయు పని లేకుండ నీరు చాలవఱకు నిలిచియుండును. చాలవఱకు అనుటలో ఒక రహస్యమున్నది. దానిని ముందు చెప్పెదను.

ఈ నేల కృష్ణానది సముద్రమునుండి గెలుచుకొన్నది. సుమారు ఆఱేడు వేల సంవత్సరముల క్రిందట కడలిమట్టము ఇంచుమించు నేటి స్థితికి వచ్చి కుదురుకొన్న పిమ్మట, నది తెచ్చిన ఒండ్రు ఏటేట పేరుకొని తీరమును తూర్పునకు నెట్టుకొనుచు పోయెను. రెండవ శతాబ్దిలో టాలెమీ తన గ్రంథమున కంటకస్సిలయని వ్రాసిన రేవుపట్టణము ఘంటసాలయేయని పండితులు గుర్తించిరి. ఆ రేవు నేడు సముద్రమునకు పలు క్రోసుల దూరమున వరిచేలనడుమ నున్నది. గెలిచిన నేలలో ఓడిన సముద్రపు టుప్పు మిగిలియుండుట సహజమే. అందుచేత ఈ ప్రాంతమున పలుచోట్ల నుయ్యి త్రవ్వినచో నీరు త్వరగానే పడును గాని, ఆ నీరు నోట బెట్టుకొన నలవికాదు. నీరు పుష్కలముగా నున్నచోటనే దాహ మెక్కువయను ఈ వింత, నదులు సముద్రమును కలియు ప్రతి సీమలోను ఉన్నదే.

హాలండు దేశ మిట్టిదే. 1605 ప్రాంతమున బందరులో బట్టల వర్తకమునకు దిగిన డచ్చివారి స్వదేశము సముద్రమట్టమునకు సమముగానో, అంతకంటె దిగువగానో ఉండుటచే, ఉప్పునేలలో తీపినీ రెక్కడ దొరకునను ప్రశ్న వారికి తరతరములుగా ప్రాణప్రశ్నయై యుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివర బాడన్ గైబెన్ అను డచ్చి సైనిక ఇంజనీరును, ఆ తరువాత 1901లో హెర్జ్‌బెర్గ్ అను జర్మను ఇంజనీరును, ఒకరి సంగతి యొకరికి తెలియకయే, ఒకే సూత్రమును కనుగొనిరి. సముద్రజలము మంచినీటికంటె నూటికి రెండున్నర వంతులు బరువు. కావున భూగర్భములో మంచినీరు ఉప్పునీటిలో కలిసిపోక, దానిపై తేలుచుండును. ఆ తేలుటకు లెక్క యున్నది: సముద్రమట్టమునకు పైన ఒక్క అడుగు మంచినీరు నిలిచినచో, దాని బరువునకు ఉప్పునీరు సుమారు నలువది అడుగుల లోతునకు అణగి పోవును. మట్టిపొరల అడ్డంకులచే ఈ లెక్క ప్రతిచోట అక్షరాల నిలువదు గాని, దాని భావము నిలుచును.

ఇప్పుడు రహస్యమును చెప్పవచ్చును. చెఱువు అడుగునుండి మెల్లమెల్లగా ఇంకిపోవు నీరు వృథాపోవుటలేదు. అది చుట్టునున్న ఉప్పునీటిని క్రిందికి నొక్కుచు, గట్టు పొడవునను ఒక మంచినీటి పొరను నిలుపుచున్నది. ఊరంతయు ఉప్పునూతులే యైనను చెఱువుగట్టున త్రవ్విన నూతినీరు త్రాగవచ్చునని పెద్దలు చెప్పుటకు కారణ మిదియే. గైబెనును హెర్జ్‌బెర్గును పుట్టక పూర్వమే ఈ తూకము ఎఱిగి నూయి త్రవ్వుచోటు నిర్ణయించిన మన ఉప్పరివారికి ఏ గ్రంథమునను చోటు దొరకలేదు.

బెజవాడవద్ద కృష్ణ కడ్డముగా ఆనకట్ట 1855 నాటికి పూర్తియైన పిమ్మట చెఱువు జాతకము మాఱినది. అంతకుముందు సంవత్సరమునకు ఇంచుమించు వేయి మిల్లీమీటర్లు కురియు వానయే దానికి ఆధారము. ఆ పిదప కాలువ దానికి దాదియయ్యెను. పంటలైన తరువాత వేసవిలో కాలువలు కట్టివేయుదురు. కట్టివేయుటకు ముందు తూము లెత్తి ప్రతి ఊరి చెఱువును నింపుదురు. మరల నీరు వదలువఱకు ఆ నిలువయే ఊరికి గతి. వేసవియెండలో నీటిమట్టము దినమునకు ఐదాఱు మిల్లీమీటర్లు ఆవిరియై తగ్గును. వినుటకు స్వల్పముగానే తోచును గాని, ఎకరము చెఱువున కది దినమునకు ఇరువదినాలుగు వేల లీటర్లు! ఊరివారందఱు కడవలతో ముంచుకొనిపోవు నీటికంటె సూర్యుడు త్రాగిపోవు నీరే ఎక్కువయై యుండును. అందుచేతనే లోతు ప్రధానము: ఒకే పరిమాణముగల నీటిని లోతుగా నిలుపుకొన్న చెఱువు జ్యేష్ఠమాసము దాటును, విశాలముగా పఱచుకొన్నది దాటదు. ఇటీవల 2022లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన అమృత్ సరోవర్ పథకమున ఎకరమునకు తగ్గని వైశాల్యమును, పదివేల ఘనమీటర్ల నీరు పట్టుటయు నియమములుగా పెట్టిరి. లెక్కించి చూచినచో అది రెండున్నర మీటర్ల లోతు. పూడిక తీయని చెఱువున కా లోతు కలుగదు.

మంచినీళ్ల చెఱువును గేదెల చెఱువును వేఱుగా నుంచుకొనుట ఈ గ్రామముల పాత మర్యాద. మంచినీళ్ల చెఱువులో కాలు కడుగరాదు, బట్ట యుతుకరాదు; రేవున దిగినవారు కడవ ముంచుకొని వెడలిపోవలెను. కావిళ్లతో ఇంటికి చేరిన నీరు కాలువ యొండ్రుచే ఎఱ్ఱగా నుండెడిది. దానికి మందు చిల్లగింజ. క్రొత్తకుండ లోపలి గరుకుపై ఆ గింజను నాలుగు చుట్లు అరగదీసి నీరు పోసి ఉంచినచో, తెల్లవాఱుసరికి మడ్డి యడుగంటి పైనీరు తేటపడును. ఒండ్రులోని సూక్ష్మకణము లన్నియు ఒకే జాతి విద్యుత్తును ధరించియుండుటచే ఒకదానినొకటి నెట్టుకొనుచు నీటిలో వ్రేలాడుచుండును. గింజలోని బంకపదార్థము వాటిని కూర్చి గుదులుగట్టి బరువెక్కించి దింపివేయును. పటిక చేయు పనియు ఇంచుమించు ఇదియే. ఈ గింజకును, విషపుగింజయైన ముష్టికిని వృక్షశాస్త్రములో ఇంటిపేరొక్కటే. దాయాదులలో ఇంత భేదముండుట మనుష్యులలోను చూచుచునే యున్నాము. తేటనీ రంతయు శుద్ధజలము కాదనునది మాత్రము మఱువరాదు. చిల్లగింజ మడ్డిని దింపునే గాని క్రిములను చంపదు. అది నిప్పు చేయవలసిన పని.

ఉప్పునకును తీపికిని గల ఈ తూకమును సముద్రము అప్పుడప్పుడు ఒక్కరాత్రిలో తలక్రిందులు చేయును. 1864 నవంబరు 1వ తేదీ బందరుపై విఱుచుకుపడిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో పోయినవారిని పదివేలకు పైగా లెక్కించిరి. బ్రదికినవారి కెదురైన మొదటి శత్రువు దాహము. చుట్టును నీరే, చెఱువులన్నియు సముద్రపునీటితోను కళేబరములతోను నిండిపోయినవి. అట్టి చెఱువు మరల మంచినీళ్ల చెఱువగుటకు ఉన్న నీరు తోడిపోయుట యొక్కటే చాలదు. మట్టిలోని కెక్కిన ఉప్పును వానలును కాలువయు పలుమాఱులు కడిగి దింపవలసియుండును.

ఇంతవఱకు చెఱువును పాత్రగానే చూచితిమి. ఇక పాత్రలోని ప్రాణులను చూడవలెను. 1674లో డెల్ఫ్ట్ పట్టణమున లేవెన్‌హుక్ అను బట్టలవర్తకుడు, తమ ఊరి సమీపమునందలి సరస్సులో వేసవికాలమున నీరు పచ్చపడుట కేమి కారణమోయని, గాజుసీసాలో కొంత నీరు తెచ్చి తాను సానబట్టిన కటకముక్రింద పెట్టి చూచెను. పచ్చని తంతువులు మెలికలు తిరిగియున్నవి. వాటినడుమ అంతకుముందు మానవనేత్రమునకు గోచరింపని జంతువులు అటునిటు పరుగిడుచున్నవి. అప్పటికి డచ్చివారు బందరునుండి ఓడలపై చీటిబట్టలు తరలించుచునే యుండిరి. వస్త్రములోని పోగులను పరీక్షించుట కలవాటుపడిన వర్తకుని కన్ను నీటిబొట్టుపై పడుటచే జీవశాస్త్రమున కొక క్రొత్తలోకము దక్కెను. ఆ పచ్చని అణువులే చెఱువునకు అన్నదాతలు. వాటిని తిను నీటిపురుగులు, పురుగులను తిను పరిగెలు, పరిగెలను తిను జెల్లలును లకుముకి పిట్టలును, అన్నియు చచ్చి అడుగు బురదలో చేరగా వాటిని మరల ఎరువుగా మార్చు బాక్టీరియాలు, ఒకదానిపై నొకటి ఆధారపడిన ఈ సంసారమును 1887లో ఫోర్బ్స్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు సూక్ష్మప్రపంచమని వర్ణించెను.

ఆ ప్రపంచమునకు పగలొక ధర్మము, రాత్రి యొక ధర్మము. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువుండగా, మన వేసవివంటి ముప్పది డిగ్రీల వేడిలో లీటరు నీరు గాలినుండి పట్టుకొనగలది ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. పగటివేళ పాచియు నాచును ఎండలో ఆహారము వండుకొనుచు ప్రాణవాయువును విడుచును. మధ్యాహ్నమున ఆ పరిమితిని మించికూడ నీటిలో అది నిండును. ప్రొద్దుగ్రుంకినది మొదలు ఇచ్చువారు లేరు, పుచ్చుకొనువారే. చేప శ్వాసించును, పాచియు శ్వాసించును, బురదయు శ్వాసించును. కావున చెఱువునకు గండము నడిరేయి కాదు, తెల్లవాఱుజాము. ముసురుపట్టి రెండు మూడు దినములు ఎండ లేకున్నచో, వేకువను చేపలు మూతులు పైకెత్తి గాలికి తహతహలాడుట గట్టుమీదివా రెఱిగినదే. హఠాత్తుగా వచ్చిన గాలివాన అడుగునీటిని పైకి కలచి వేసినను ఇదే యాపద; ప్రాణవాయువు శూన్యమైన అట్టడుగునీరు ఒక్కమాఱుగ అంతటను కలిసిపోవును. ఎవరో విషము కలిపిరని పంచాయతీలో పరస్పరము నిందించుకొను సందర్భములలో కొన్నింటికి కారణ మీ మబ్బుపట్టిన రాత్రియే.

ఈ గండమున నవ్వుచు నుండునది కొఱ్ఱమీను. దాని తలలో మొప్పలపైన గాలి పీల్చుట కొక గది యున్నది. నీటిలో ప్రాణవాయువు లేకున్నను అది పైకి వచ్చి గుటక వేసి దిగిపోవును. అలవాటు ముదిరి, పైకి రానీయకుండ వలక్రింద నిలిపినచో చేపయై పుట్టియు నీట మునిగి చచ్చును! వానకాలమున కలుపుమొక్కలనడుమ గ్రుడ్లు పెట్టి, ఎఱ్ఱని పిల్లలగుంపును తల్లియు తండ్రియు కాపాడుట గట్టుమీద కూర్చున్న బాలురు సైతము చూడవచ్చును. నత్తగుల్లది మఱియొక యుపాయము: ఒక ప్రక్క మొప్ప, మఱియొక ప్రక్క ఊపిరితిత్తి. నీ రింకినప్పుడు బురదలో దూఱి, తలుపు బిగించుకొని మరల నీరు వచ్చువఱకు నిద్రించును. ఆ తలుపును తెఱచు విద్య గుల్లకొంగది. ముక్కు రెండు దవడలు నడుమ కలియక సందు విడిచియుండు ఈ పక్షి, నత్తను నేలకు నొక్కిపట్టి, ముక్కుకొనతో లోని కండను కోసి, గుల్లను పగులగొట్టకయే మాంసమును లాగివేయును.

ఈ నాటకమంతయు జరుగు రంగస్థలము చెఱువు నడిమి భాగము కాదు, అంచు. మోకాలిలోతు నీరు, అందులో తుంగ, జమ్ము, తూటికూర, ఆవల తామరాకు, ఈవల గేదె గిట్టలచే కలగిన బురద, ఇంత కలిసి రెండుబారల వెడల్పు. నత్త గ్రుడ్లు పెట్టునది గట్టువార తడిమట్టిలోనే, తూనీగపిల్ల నీటిజీవితము చాలించి కాడ ప్రాకి రెక్కలు విప్పునది ఇక్కడనే, బుడుబుంగ గూడు కట్టునది ఈ జమ్ములోనే. అంచు మంచిదేయని గ్రుడ్డిగా పొగడరాదు. మాన్సోనియా అను దోమ పిల్ల తక్కిన దోమపిల్లలవలె గాలికై నీటిపైకి రాదు; అంతరతామర వేళ్లలో తన గొట్టమును గ్రుచ్చి ఆ మొక్కలోని గాలినే పీల్చుచు దాగియుండును. కేరళమున చేర్తల ప్రాంతమున బోదకాలు వ్యాపింపజేసిన దీ జాతియే. దక్షిణామెరికానుండి వచ్చిన గుఱ్ఱపుడెక్కయు ఇట్టిదే. ఊదాపూవుల యందమునకు మురిసి విడిచినచో నీటికి ఎండ తగులకుండ కప్పివేసి, క్రింది ప్రపంచమునకు ఊపిరి లేకుండ చేయును. అంచున మొక్క యుండవలెను. నీరంతయు మొక్కయే కారాదు. ఈ మేర నిలుపుట మనుష్యుని పని. పూర్వము దానిని ఏటేట ఊరివారు చేయుచునే యుండిరి.

చిన్నచెఱువునకు ప్రకృతిలో విలువ యెంతయను ప్రశ్న ఇటీవలిదాక ఎవరును తీవ్రముగా అడుగలేదు. శాస్త్రజ్ఞుల చూపు నదులపైనను మహాసరస్సులపైనను ఉండెను. దక్షిణ ఇంగ్లండున ఒక వ్యవసాయప్రాంతములో నదులు, వాగులు, కాలువలు, చెఱువులు వేఱువేఱుగా పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలిత మాశ్చర్యకరమైనది. ఒక్కొక్క చోటును విడిగా చూచినచో నదియే సంపన్నము. ప్రాంతమంతటిని కూడి చూచినచో మిక్కిలి జాతులకు ఆశ్రయమిచ్చినవి చెఱువులు. నది పొడవునను ఒకే నీరు. చెఱువులలో ఏ రెండును ఒక్కతీరున నుండవు. మన గుంటూరు సమీపమున ఉప్పలపాడు చిన్నచెఱువులో గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు, గుల్లకొంగలు గుంపులుగుంపులుగా గూళ్లు కట్టుచున్నవి. కొల్లేటివంటి మహాజలాశయముండగా అవి ఊరినంటియున్న ఆ చెఱువును మెచ్చుట, ఊరివారు వాటిని బెదరింపకపోవుటవలననే.

ఇప్పుడు ఇంటింటికి కొళాయి వచ్చినది. శుద్ధిచేసిన నీరు డబ్బాలలో వచ్చినది. కావడి మూలబడినది. చెఱువు పని తీఱినదని ఒకరు పూడ్చి భవనము కట్టుదమందురు. మఱియొకరు సుందరీకరింతు మందురు. మొదటివారితో వాదింప నవసరము లేదు. మంచినీటి పొర తరిగి, గట్టునూయి ఉప్పుదేఱినప్పుడు వారికే తెలియును. రెండవవారి సదుద్దేశమును నేను శంకింపను. సాయంకాలము పెద్దలు నడచుటకు బాట, కూర్చుండుటకు బల్లలు, చీకటిపడిన పిదప దీపములు, ఇవి ఊరికి కావలసినవే. పనులు చాలించి వచ్చినవారికి చెఱువుగాలియంత చవుకయైన విశ్రాంతి వేఱొకటి లేదు. నా అభ్యంతరము నాలుగువైపుల నిట్టనిలువుగా లేపు సిమెంటుగోడను గూర్చియే. ఆ గోడతో అంచు మాయమగును. అంచుతో నత్తయు, నత్తతో కొంగయు మాయమగును. కప్పపిల్ల తోక విడిచి గట్టెక్కలేదు. అటుపిమ్మట గోడపై కొంగబొమ్మలు చిత్రింతురు. మూడువైపుల రాతికట్టడము చేసి, నాలుగవవైపు వాలుగా మట్టిగట్టును, తుంగను, జమ్మును విడిచినచో ఖర్చు తగ్గునే గాని పెరుగదు. ఆ విడిచిన వైపు బడి యున్న వైపై యుండుట మేలు. నీటికి కంచె పెట్టి, పిల్లలు నిలిచి చూచుట కొక చెక్కవేదిక వేయవచ్చును.

ఇక మిగిలినది చెఱువుపాట. ఏటేట పంచాయతీ చేపలకు చెఱువును వేలము వేయును. పాడుకొన్నవాడు పెట్టిన సొమ్ము రాబట్టుకొనుటకు బొచ్చెపిల్లలను, రాగండిపిల్లలను కిక్కిఱియ వదలి, పేడయు కోళ్లయెరువును కుమ్మరించును. ఎరువుతో పాచి పెరుగును, పాచితో చేప పెరుగును. ఇందులో శాస్త్రవిరుద్ధ మేమియు లేదు. కాని నీరు పచ్చని చిక్కని కషాయమై, తెల్లవాఱుజాము గండము దినదినగండమగును. గట్టుపై నడచువారికి దుర్గంధమే మిగులును. వీధిదీపములకును పారిశుద్ధ్యమునకును ఆ పాటసొమ్మే ఆధారమైన చిన్న పంచాయతీని చేపలు మానుమనుట న్యాయముగా తోచదు. పరిష్కారము పాతమర్యాదలోనే యున్నది. రెండు చెఱువులున్న ఊరిలో గేదెల చెఱువును పాటకు పెట్టి, మంచినీళ్ల చెఱువును పాటనుండి తప్పింపవచ్చును. ఒక్కటే యున్న ఊరిలో పాటపత్రమున రెండు షరతులు చేర్చిన చాలును: ఎరువు వేయరాదు, కాలువ కట్టివేయు దినములలో నీటిమట్టము నిర్ణీతపు మెట్టుకు దిగిన పిదప వల వేయరాదు. ఆ మెట్టుపై ఎఱ్ఱరంగుతో గీత గీయించుటకు పంచాయతీకి అయ్యెడు ఖర్చు ఒక రంగుడబ్బా.